సున్నా కిందికి జారిన గని

నా చేతి చలవ వల్ల ఒక ఎండాకాలం మా గనిలో పనిచేసే మనుషులంతా, మా బాపుతో సహా, ఒక్క పూటలో దొంగలైపోయారు. వాళ్లు దొంగతనం చేయలేదు. నేనూ చేయలేదు. నేను చేసిందల్లా కంప్యూటర్లో ఒక మాట తీసి ఇంకో మాట పెట్టడం. ఇంత చిన్న పనికి అంత పెద్ద శిక్షా అని నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మీరు నవ్వేవాళ్లయితే నవ్వండి, కానీ ముందు నా తరఫున కాస్త కోపం తెచ్చుకోండి. లేకపోతే ఈ కథ చెప్పి నాకేం లాభం?

అప్పటికి తెలంగాణ రాలేదు, రేపో ఎల్లుండో వస్తుందని మాత్రం రోజూ ఎవరో ఒకరు చెబుతుండేవారు. నేను కరీంనగర్‌లో ఎంసీఏ చదివి, గోదావరిఖనిలో ఒక గని ఆఫీసులో కాంట్రాక్టు కంప్యూటర్ ఆపరేటరుగా చేరాను. ఏ గని అని అడక్కండి, చెబితే ఇప్పటికీ కొట్టడానికి వచ్చేవాళ్లున్నారు. మా బాపు అదే గనిలో సపోర్ట్‌మన్, అంటే లోపల కప్పు కూలకుండా దిమ్మెలు నిలబెట్టే పని. గని రక్షణ కమిటీలో కార్మికుల తరఫు మనిషి కూడా. నా జీతం ఆయన జీతం ముందు చిల్లర, నా గర్వం మాత్రం గుమ్మం పట్టేది కాదు. ఎందుకంటే ఆఫీసు మొత్తంలో కూలరున్నది నా కంప్యూటర్ గదిలోనే. మేనేజరు సారుకు కూడా ఉత్త ఫ్యానే.

అలాంటి రోజుల్లో గనికి గండం వచ్చింది. బొగ్గు ఎత్తే మిషను ముసలిదైపోయి ఒక షిఫ్టు పనిచేస్తే రెండు షిఫ్టులు పడుకునేది. కొత్తది కావాలని మేనేజరు సారు రాయగా రాయగా, హెడ్డాఫీసు నుంచి పెద్ద సారు స్వయంగా వస్తానన్నారు. ఉత్పత్తి లెక్కలు చూసి నచ్చితే మిషను ఇస్తారు. నచ్చకపోతే సగం మందిని భూపాలపల్లికి బదిలీ చేస్తారు. బాపుకు మోకాళ్ల నొప్పులు, రిటైర్మెంటు దగ్గర పడింది, అమ్మకు మందులిచ్చే దవాఖాన ఇక్కడుంది. బదిలీ అనే మాట వినబడితే చాలు, మా ఇంట్లో అన్నం ఎవరికీ గొంతు దిగేది కాదు.

దానికితోడు ఆ నెలలోనే తెలంగాణ కోసం కొన్ని దినాలు గనులన్నీ బందయ్యాయి. లెక్కల్లో ఆ దినాలకు వరసగా సున్నాలు.

"స్వరూపా, ఎప్పుడూ పెట్టే ఆ ఎక్సెల్ గీతలు ఈసారి వద్దమ్మా. పెద్ద సారు చూడగానే కళ్లు చెదరాలి" అన్నారు మేనేజరు సారు.

ఆ మాటే నా కొంప ముంచింది. చౌరస్తాలో నెట్ సెంటరుకు పోయి, జావాస్క్రిప్ట్‌తో చార్టులు గీయడం నేను అప్పుడప్పుడే నేర్చుకుంటున్నాను. చుక్క ఏ ఆకారంలో ఉండాలి, గీత ఎంత లావుండాలి, ఏ రంగుండాలి, అన్నీ మన ఇష్టం. చుక్కలు, గీతలు, రంగులు! ముగ్గుల పోటీలో మా కాలనీలో నాకు ఎదురులేదు. ఇది నా కోసమే పుట్టిన విద్య అనుకున్నాను. అనుకోవడం తప్పా? మీరే చెప్పండి.

ముందు రంగు. గని గీతకు గులాబీ పెట్టాను. చీరకు బాగుండే రంగు గీతకు బాగుండదా అని నా తెలివి. కూలరు గాలికి వచ్చి కూర్చున్న ఓదెలు కాక తెరవైపు చూశాడు. ఆయన ఎర్రజెండా యూనియన్ నాయకుడు.

"గిదేందే స్వరూపా, మన గని ఎప్పుడు గులాబీల కలిసింది?"

"అది ఉత్త రంగు కాకా."

"ఉత్త రంగెట్లయితది? యూనియన్ ఎలక్షన్లు ముంగట వెట్టుకొని ఆఫీసోళ్లు గులాబీ గీతలు గీస్తరా? మేం చూసుకుంట ఊకుంటమా?"

సరే, ఎరుపు చేశాను. మధ్యాహ్నం గులాబీ జెండా యూనియన్ శంకరన్న వచ్చాడు.

"చెల్లే, తెలంగాణ కోసం కొట్లాడేది మేమాయె, గీత మాత్రం ఎర్రగున్నది. ఎవల జేబుల ఉన్నవు నువ్వు?"

నా చుడీదారుకు జేబే లేదు. ఏడుపు ఆపుకుని గీతను ఆకుపచ్చ చేశాను. ఆకుపచ్చకు ఈ ఊళ్లో యూనియన్ లేదు కదా అని ధీమా. కానీ పైన టార్గెట్ గీత కాషాయం రంగులో ఉంది, మధ్యలో తెల్లటి తెర. ఈసారి ఇద్దరూ కలిసే వచ్చారు.

"మూడు రంగుల యూనియన్ జెండా ఎగరేసినవు గదనే! ఎవలు చెప్పిండ్రు నీకు?"

చివరికి నలుపు పెట్టాను. బొగ్గుకు బొగ్గు రంగు, ఇక ఎవరేమంటారు? నల్లజెండా సంగతి వాళ్లకు గుర్తుకు రాకముందే కంప్యూటర్ ఆపేసి ఇంటికి పోయాను.

తర్వాత గుర్తులు. ఒక్కో రోజు లెక్క దగ్గర ఒక్కో చుక్క ఉంటుంది కదా, ఉత్త చుక్కేం బాగుంటుందని కార్మికులు తలకు పెట్టుకునే క్యాప్‌ల్యాంపు బొమ్మ పెట్టాను. మేనేజరు సారు వచ్చి తెర ముందు వంగి వెతికారు.

"గీత ఎక్కడమ్మా?"

"దీపాల వెనక ఉంది సార్."

"దీపాల దుకాణం పెట్టమన్నానా నేను?"

దీపాలు తీసేసి, ఉత్పత్తి తగ్గిన రోజులకు మాత్రం ఎర్ర త్రికోణాలు పెట్టాను. అన్నం గిన్నె పట్టుకుని వచ్చిన బాపు గుమ్మంలోనే ఆగిపోయాడు.

"బిడ్డా, ఎర్ర తిర్కోణమంటే డేంజర్ బోర్డు. పెద్ద సారు గిది చూస్తె ముందుగాల గని బందు వెట్టుమంటడు. మింగ మెతుకు లేదంటె మీసాలకు సంపెంగ నూనెంట. గనికి మిషన్ లేదు, గీతకు ఇన్ని సోకులెందుకే?"

ఆ మాట నాకు తగలరాని చోట తగిలింది. రంగు పోయింది, బొమ్మలు పోయాయి. తెల్ల తెర మీద నల్ల గీత, గుండ్రటి చుక్కలు. ముగ్గు వేయడానికి వచ్చినదాన్ని చాక్‌పీసుతో అడ్డగీతలు గీయమంటే ఎట్లా ఉంటుంది? నాకు మిగిలింది గీత ఒక్కటే. అది చూస్తే రంపం పళ్లలా కోసుకుపోతోంది. అప్పుడు కనిపించింది ఆ దిక్కుమాలిన సదుపాయం. 'లైన్' అని ఉన్నచోట 'స్ప్లైన్' అని రాస్తే చాలు, మూలలన్నీ కరిగిపోయి గీత వంపులు తిరుగుతుంది.

రాశాను. అబ్బా! ఏటి నీళ్లలా సాగిపోయింది. ఒక్కటే లోపం. సమ్మె మొదలైన దగ్గర గీత సర్రున సున్నాకు దిగి, అక్కడ ఆగలేక ఇంకాస్త కిందికి వేలాడింది. సమ్మె ముగిసే దగ్గరా అంతే. తెర అంచు సున్నా దగ్గరే ఉండటంతో ఆ వంపుల అడుగు తెగిపోయి అసహ్యంగా ఉంది. అందుకని అంచును సున్నా నుంచి మైనస్ వందకు దించాను. గీతకు కాస్త చోటు ఇచ్చాను, అంతే. లెక్కల్లో ఎప్పుడూ ఫస్టు వచ్చినదాన్ని, మైనస్ బొగ్గు అంటే ఏమిటని ఒక్క క్షణం ఆలోచించానా? లేదు. అందంగా ఉన్నదాన్ని చూస్తూ ఎవరాలోచిస్తారండీ?

మేనేజరు సారు కూడా ఆలోచించలేదు. ఆయన కన్ను పైన పడింది.

"స్వరూపా! మనం టార్గెట్ దాటామా?"

దాటలేదు. ఏ ఒక్క రోజూ దాటలేదు. కానీ ఉత్పత్తి బాగున్న రెండు రోజుల చుక్కల మధ్య గీత ఉబ్బి, టార్గెట్ గీతను మెల్లగా ముట్టుకుని వచ్చింది.

"అక్కడ కాస్త ఉబ్బింది సార్" అన్నాను.

"ఉబ్బితే ఉబ్బనీ!" అని ఆయన అందరికీ మిర్చీలు, చాయ్ తెప్పించారు. ఈ మిర్చీల సంగతి తర్వాత ఆయనకు గుర్తు లేదట.

పెద్ద సారు వచ్చిన రోజు మీటింగు హాల్లో గోడ మీద నా గీత వెలిగింది. ముందు వరసలో మేనేజరు సారు, ఒక పక్క ఓదెలు కాక, ఇంకో పక్క శంకరన్న, వెనక కమిటీ వాళ్లతో మా బాపు. నేను కంప్యూటర్ దగ్గర, పెళ్లిచూపుల్లో కూర్చున్నట్టు.

మేనేజరు సారు కర్రతో గోడ మీద చూపించారు. "ఇదిగో సార్, మంగళవారానికీ బుధవారానికీ మధ్య మనం టార్గెట్ దాటాం."

పెద్ద సారు కళ్లద్దాలు సర్దుకున్నారు. "మంగళవారానికీ బుధవారానికీ మధ్య ఏ వారం ఉందయ్యా?"

ఆయన చూపు మెల్లగా గోడ కిందికి జారింది.

"ఇదేమిటి? సమ్మె రోజుల్లో సున్నా ఉండాలి కదా, మైనస్ నలభై టన్నులా? తవ్వకపోతే సున్నా. మైనస్ అంటే ఉన్న బొగ్గు పోయిందని అర్థం. గని బందున్నప్పుడు ఎవరు ఎత్తుకుపోయారు?"

ఇక చూడండి. ఓదెలు కాక కుర్చీ కింద పడేలా లేచాడు.

"ఏంది సార్, సమ్మె చేసినోళ్లను దొంగలంటున్నరా?"

"తెలంగాణ అడిగితె దొంగతనం అంటగడ్తరా?" శంకరన్న అంతకంటే పైకి లేచాడు.

నన్ను తిట్టడానికి తప్ప ఆ ఇద్దరూ ఒక్క మాట మీద నిలబడటం గోదావరిఖని చరిత్రలో నాకు తెలిసి అదే మొదలు. ఆ పుణ్యం నాదేనని ఇంతవరకు ఒక్కరూ ఒప్పుకోలేదు. వెనక నుంచి కూడా కేకలు లేచాయి. బాపు ఒక్కడే అరవలేదు. నావైపు చూశాడు. ఆ చూపుకు నాకు ప్రాణం చచ్చిపోయింది. దిమ్మె కింద నిలబడి బతికిన మనిషి, ఒక్క బొగ్గు పెళ్ల ఇంటికి తేని మనిషి, నా గీత వల్ల దొంగల్లో కూర్చున్నాడు.

మేనేజరు సారు చెమట తుడుచుకుంటూ, "అది గీత తప్పు సార్. ఆ కంప్యూటర్ అమ్మాయి చేసింది" అన్నారు.

"పైన ఉబ్బింది మీ గొప్పా, కింద కుంగింది అమ్మాయి తప్పా? రెండూ ఒకే గీత కదయ్యా" అన్నారు పెద్ద సారు. తర్వాత నావైపు తిరిగారు. "ఇందులో నిజమేదమ్మా?"

లేచి నిలబడ్డాను. "చుక్కలు నిజం సార్. చుక్కల నడుమ ఉన్నది... నేను పెట్టిన వంపు."

"వంపెందుకు?"

"అందానికి సార్."

"తీసేస్తే?"

"కింది గుంత పోతుంది సార్." ఆగాను. "పైన ఉబ్బినది కూడా పోతుంది."

మేనేజరు సారు కళ్లతోనే దండం పెట్టారు, వద్దని. నాకూ అర్థమైంది. వంపు ఉంటే టార్గెట్ దాటినట్టు, కానీ కార్మికులు దొంగలు. వంపు తీస్తే అందరూ మంచివాళ్లే, కానీ మిషను రాదు, బాపు భూపాలపల్లి పోవాలి. మౌస్‌ను ఆ 'స్ప్లైన్' మాట దగ్గరికి తెచ్చి ఆపాను.

బాపు లేచాడు. "బిడ్డా, చెయ్యని దొంగతనం మాకద్దు. తియ్యని బొగ్గు సుత అద్దు. సీదా గీత గియ్యి. బదిలీ ఐతె ఐతది."

ఆ మాట ముందున్న 'ఎస్', 'పీ' అక్షరాలు రెండూ తీసేశాను. గీత టకటకా మూలలు తిరిగి మళ్లీ రంపమైంది. గుంత పోయింది, ఉబ్బు పోయింది, మేనేజరు సారు ముఖంలో రక్తం పోయింది. గోడ మీద సమ్మె దినాల సున్నాలు బుద్ధిగా వరసగా పడుకున్నాయి. ఆ సున్నాల పక్కన గీత గోడ ఎక్కినట్టు నిట్టనిలువుగా లేచి ఉంది. ఇంతసేపూ గుంతనే చూసిన పెద్ద సారుకు అది అప్పుడు కనబడింది.

"సమ్మె విరమించిన మొదటి రోజే ఇంత తీశారా? ఆ పాత మిషనుతోనా?"

"మిషన్ నడుమనే ఆగిపోయింది సార్," బాపు అన్నాడు. "మిగిలింది తట్టలతోని ఎత్తినం. రెండో షిఫ్టోళ్లు సుత ముందుగాలనే దిగిండ్రు."

పెద్ద సారు కొత్త మిషను ఇవ్వలేదు. అంత మంచితనం హెడ్డాఫీసులో ఉండదు. కమాన్‌పూర్ వైపు ఒక గనిలో పనిలేక ఉన్న మిషనును పంపమని అక్కడికక్కడే ఫోన్ చేశారు. బదిలీల మాట ఇక ఎత్తలేదు. వెళ్తూ వెళ్తూ నా దగ్గర ఆగారు. నన్ను మెచ్చుకుంటారనుకున్నాను. "స్కేలుందా అమ్మా?" అన్నారు. లేదన్నాను. "కొనుక్కో" అన్నారు.

మేనేజరు సారు ఆ సాయంత్రమే నా గదిలోని కూలరును తన గదికి మార్పించుకున్నారు.

బాపు స్కూటరు వెనక కూర్చుని క్వార్టరు దాకా ఏడుస్తూనే వచ్చాను. "నా తప్పేమున్నది బాపూ? జెర అందంగ చేద్దామనుకున్న, అంతే గద!" అన్నాను. బాపు ఇల్లు చేరి, స్కూటరు స్టాండు వేసి, మోకాళ్లు రుద్దుకుంటూ గుమ్మం ముందు గద్దె మీద కూర్చుని అప్పుడు నోరు విప్పాడు.

"నేను ఇన్నేండ్లు లోపలికి దిగి బొగ్గు బయటికి తీసుడు తప్ప ఇంకోటి ఎరుగ. నువ్వు చల్లగ కూసొని, ఒక్క మాటతోని నలభై టన్నులు మల్ల లోపల వోస్తివి. ఇంతమందిమి మిషన్ మిషన్ అని మొత్తుకుంటిమి. ఇంట్లనే ఉన్నదని ఎరుకలేకపాయె."

అమ్మ నవ్వు వీధి చివరి దాకా వినిపించింది. నాకు మాత్రం నవ్వు రాలేదు, ఇప్పటికీ రాదు. అందుకని కుడిచేయి మౌస్ మీద పెట్టి, తెలుగు పాఠకులందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: చుక్కకూ చుక్కకూ మధ్య నా సొంత కవిత్వం ఇక ఈ జన్మలో అల్లను. గీత వంచనేల, తల వంచనేల! అయితే ఆ వంపు సదుపాయం కనిపెట్టిన మహానుభావుడు ఎప్పుడైనా ఇటువైపు వస్తే ముందుగా నాకు కబురు చేయమనండి. రామగుండం స్టేషనుకు స్వాగతం చెప్పడానికి ఓదెలు కాకనూ శంకరన్ననూ నేనే పంపిస్తాను.