శుభలేఖ వెనక బావ రాసిన తీర్పు

ఆ రోజుల్లో నీకు ఎవరి మెప్పు కావాలిరా అని అడిగితే కాలేజీ ప్రిన్సిపాలూ కాదు, జిల్లా కలెక్టరూ కాదు, మా డీజే బావ అని తడుముకోకుండా చెప్పేవాణ్ణి. బావ అంటే మా పెద్దమ్మ అల్లుడు. మార్కాపురంలో కంభం రోడ్డు మీద ఒక రేకుల షెడ్డులో ఆయన సౌండ్ బాక్సులు ఉండేవి. గిద్దలూరు నుంచి వెలిగండ్ల దాకా పెళ్ళి ఊరేగింపుల్లో జనం అడిగిన సినిమా పాటలే వేసేవాడు గానీ, ఆయన మనసంతా వేరే పాటల మీద. పెద్ద కంపెనీలు ముట్టుకోనివి, ఎక్కడో ఏ దేశంలోనో ఒక కుర్రాడు తలుపేసుకుని కంప్యూటర్లో చేసుకున్నవి, మాటల్లేకుండా ఒట్టి దరువుతో నడిచేవి. వాటిని అండర్‌గ్రౌండ్ మ్యూజిక్ అంటారని ఆయనే చెప్పాడు. నెట్ సెంటర్లో గంటల తరబడి కూర్చుని (కరెంటు పోతే మళ్ళీ మొదటి నుంచి) వాటిని దించుకొచ్చే పని నాది.

ముహూర్తాలు లేని రోజుల్లో మధ్యాహ్నం పూట షెడ్డులో ఆ కొత్త పాటల విచారణ జరిగేది. బావ కుర్చీ వెనక్కి వాల్చి కళ్ళు మూసుకునేవాడు. పాట పూర్తయ్యేదాకా నేను దగ్గకూడదు. తర్వాత ఏదో పెళ్ళిలో మిగిలిన శుభలేఖ ఒకటి తీసి, దాని వెనక తన అభిప్రాయం రాసేవాడు. ముందు వైపు వధూవరుల పేర్లు, వెనక వైపు ఏ చలిదేశపు కుర్రాడి జాతకమో! రాస్తూనే పైకి అనేవాడు. "మూడో నిమిషం దాకా డ్రమ్ము రానీలేదు చూడు బామ్మర్దీ, వీనికి ఓపికుంది, పైకొస్తాడు." ఇంకో పాటకు, "బేసుంది గాని యాడికి పోవాల్నో తెలీదు వీనికి, రోడ్డు మధ్యలో నిలబడినాడు." ఒకసారి ఒక పాట విని, రాయబోయిన పెన్ను పక్కన పెట్టేశాడు. "దరువులో చప్పట్లు మరీ ఎక్కువ పెట్టినాడు. ఒంటరిగా ఉన్నట్టుండాడు పాపం" అన్నాడు. ఆ పాట చేసినవాణ్ణి ఆయన ఎన్నడూ చూడలేదు, చూడబోడు కూడా. అయినా ఇంటి పిల్లవాడి గురించి బెంగపడ్డట్టే మాట్లాడాడు. అంత గొప్ప చెవిని నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.

అలాంటి శుభలేఖ ఒకటి నా పాటకు కూడా రావాలని నాకు ఆశ పుట్టింది. డిగ్రీ రెండో ఏడు, బుర్రలో గుజ్జు తక్కువ, ధైర్యం ఎక్కువ. మా నాయనకు పలకల ఫ్యాక్టరీ ఉండేది (ఫ్యాక్టరీ అంటే ఒక మిషను, నలుగురు మనుషులు). రాయి కోసే ఆ మిషను దడదడను సెల్‌ఫోన్లో రికార్డు చేశాను. ఏడు దెబ్బలు సరిగ్గా పడి, ఎనిమిదోది కాస్త లాగినట్టు ఆలస్యంగా పడేది. ఆ లాగుడంటే నాకు ప్రాణం. ఏ మహానుభావుడికీ తట్టని దరువు నాకు దొరికిందనుకుని, దాని చుట్టూ నెల రోజులు కష్టపడి నాలుగు నిమిషాల పాట కట్టాను. నాదని చెబితే బావ మొహమాటానికి మెచ్చుకుంటాడేమోనని భయం. అందుకని జర్మనీ నుంచి వచ్చిందని చెప్పి పెన్‌డ్రైవ్‌లో మిగతా వాటి మధ్య పెట్టాను.

బావ విన్నాడు. మళ్ళీ వేయమన్నాడు. మూడోసారి కళ్ళు తెరిచి, ముందుకు వంగి విన్నాడు. ఏ పాటనైనా ఆయన మూడుసార్లు వినడం నేను అంతవరకూ చూడలేదు. చొక్కా గుండీలు తెగేలా నా ఛాతీ ఉబ్బింది.

"యాడిదంటివి ఇది?" అన్నాడు.

"జర్మనీ బావా."

"జర్మనీలో మీ నాయన మిషను ఎవురు పెట్టినారు?"

తిడతాడనుకుంటే బండి తాళాలు తీసుకుని లేచాడు. "రెండు నెలల కిందట మీ ఫ్యాక్టరీకి వచ్చినప్పుడు ఈ లాగుడు లేదు. ఎక్కు బండి!"

మేము వెళ్ళేసరికి నాయన మిషను ముందే ఉన్నాడు, రెండు చేతులతో రాయిని బ్లేడుకు అందిస్తూ. బావ లోపలికి పోతూనే మెయిన్ స్విచ్ దించేశాడు. "ఏంది అల్లుడా, పని మధ్యలో?" అని నాయన కసిరాడు. "ముందు విప్పిచ్చి చూడు మామా, తర్వాత తిట్టు" అని బావ మెకానిక్‌ను పిలిపించాడు. విప్పి చూస్తే బ్లేడును పట్టుకుని ఉండే షాఫ్టు సగం దాకా పగిలి ఉంది. "ఈ పొద్దో రేపో బ్లేడు ఎగిరొచ్చేది అన్నా" అన్నాడు మెకానిక్. నాయన పక్కనే ఉన్న పలకల దొంతి మీద కూలబడ్డాడు. "ఇన్నేండ్లు దీని పక్కనే ఉండా. నాకే ఇనపడలేదే" అన్నాడు.

"రోజూ ఇనేటోనికి ఇనపడదు మామా. వీడు పట్టుకొచ్చినాడు గాబట్టి నాకు తెలిసింది" అని బావ నన్ను చూపించాడు. నా పరువు కాపాడడానికే ఆ మాట అన్నాడని నాకు తెలుసు. ఆ చప్పుడు నేను ఏ మూడొందలసార్లో విన్నాను, విన్న ప్రతిసారీ మురిసిపోయాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

మర్నాడు శుభలేఖ వచ్చింది. "మొదటి పాట. గట్టిగానే కట్టినాడు. లాగుడు కాడ భయపడాల్సింది, సంతోషపడినాడు. ఇంకా వినాల." అంతకన్నా న్యాయమైన తీర్పు నాకు జీవితంలో ఎవరూ చెప్పలేదు. కొత్త షాఫ్టు వేశాక మిషను శుభ్రంగా నడిచింది. దాంతో దరువు పోయింది, నా సంగీత జీవితమూ పోయింది. కొన్నాళ్ళకు నాయన "ఆ పాటేందో నన్నూ ఇననియ్యిరా" అన్నాడు. ఇయర్‌ఫోన్లు పెట్టాను. నిలబడే నాలుగు నిమిషాలూ విన్నాడు. లాగుడు వచ్చిన ప్రతిసారీ ఆయన కుడిచెయ్యి కొంచెం వెనక్కి జరిగింది. అయిపోయాక ఇయర్‌ఫోన్లు నా చేతిలో పెట్టి "బాగానే చేసినావురా" అన్నాడు. ఆ రోజు నాకు ఏడుపొచ్చింది.

ఇప్పుడు నాకు నలభై దగ్గర పడుతున్నాయి. పాటలు చేయను గానీ, మా ఇంట్లో మిక్సీ గొంతు కాస్త మారితే చాలు, చేస్తున్న పని వదిలేసి పరుగెత్తుకెళ్ళి స్విచ్ ఆపేస్తాను. "దానికేం కాలేదు, పోయి కూచో" అంటుంది మా ఆవిడ. నేను మాత్రం మూత తీసి, బ్లేడు కదిపి చూసి, నమ్మకం కుదిరాకే ఇస్తాను. అప్పటికి ఆమె ఓపిక అయిపోతుంది. అందుకే మా ఇంట్లో పచ్చడి ఎప్పుడూ సగమే నలిగి ఉంటుంది.