అమ్మ పాసైన పరీక్ష

ఆ సైనిక ఆస్పత్రి నడవాలో గోడకు ఒక పెద్ద బోర్డు ఉంది. సగం రోగి హక్కులు, సగం రోగి బాధ్యతలు. బాధ్యతల సగమే పొడుగు. గోడ మీద ఏం కనిపించినా చివరి అక్షరం దాకా చదవకుండా ఉండలేను, కాబట్టి హిందీలో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి చదివాను. అమ్మ నా పక్కన బెంచీ మీద కూర్చుని, చదువుతున్న నా ముఖాన్ని చూస్తోంది. ఆమె చదివేది ముఖాలనే.

అమ్మ భివండిలో, శాంతి నగర్‌లోని ఒక కార్ఖానాలో నూలు కండెలు చుడుతుంది. చుట్టూ సాంచాలు ఆడుతుంటాయి. మరమగ్గాన్ని మావాళ్లు సాంచ అంటారు. ఆ మోతలో మాట నోటిది కాదు, చేతిది. వేళ్లు మెలిపెడితే పోగు తెగిందని, గడ్డం నిమిరితే సేఠ్ వస్తున్నాడని. ఎవరైనా దగ్గరికొచ్చి ఏదైనా చెబితే తల ఊపుతారు. అర్థమైందని కాదు. చూశాను, ఇక నువ్వు పో, నా పని నన్ను చేసుకోనీ అని.

ఆ మోత అమ్మ చెవులను ఎప్పుడు తినేసిందో మాకే తెలియదు. ఇంట్లో మా పెదవులు చూసి జవాబు చెబుతుంది. బజార్లో బేరం కూడా ఆడుతుంది. కొత్తవాళ్లకు చెవుడని తెలియనే తెలియదు.

ఎంత చెవుడో మాకు తెలిసింది ఫోన్‌తో. నాన్న పోయాక అన్న సైన్యంలో చేరాడు. ఇప్పుడు ఎక్కడో కొండల మీద ఉన్నాడు. అక్కడి నుంచి వీడియో అందదు, మాట ఒక్కటే అందుతుంది, అదీ ఆగి ఆగి. ఫోన్‌కు పెదవులు లేవు. ఒకసారి అన్న తనకు జ్వరమని చెబితే అమ్మ తల ఊపి "మంచిది బిడ్డా" అంది. అన్న నవ్వాడు.

అప్పటి నుంచి స్పీకర్ పెట్టి, నేను ఎదురుగా కూర్చుని, అన్న చెప్పే ప్రతి మాటనూ చప్పుడు లేకుండా పెదవులతో మళ్లీ అనేదాన్ని. అమ్మకు అది చాలలేదు.

"నీ నోట్ల వాని మాట ఉంటది గని, వాని గొంతు ఉండదు గదా," అంది.

జవాను మీద ఆధారపడిన తల్లికి చెవి మిషన్ సైన్యమే ఇస్తుందని అన్న చెప్పాడు. అది పెట్టుకుంటే వాని గొంతు వినబడుతుందా అని అమ్మ నన్ను రెండు మూడు సార్లు అడిగింది. వినబడుతుందన్నాను. పెళ్లిళ్లకు కట్టే చీర కట్టుకుంది. భివండి రోడ్ స్టేషన్‌లో ఆ వేళకు రైలు లేదు. ఆటోలో కళ్యాణ్ పోయి లోకల్ ఎక్కాం.

వినికిడి పరీక్ష ఒక చిన్న గదిలో. అమ్మను లోపల కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికి ఒక బటన్ ఇచ్చారు. శబ్దం వినబడిన ప్రతిసారీ నొక్కాలి. పరీక్ష చేసే అతను హిందీలో అంతా చెప్పాడు. అమ్మ తల ఊపింది. అతను బయటికి వచ్చి తలుపు వేసి, అద్దానికి ఇవతల మిషన్ ముందు కూర్చున్నాడు.

కుర్చీ అద్దం వైపే తిరిగి ఉంది. అమ్మ కళ్లు అతని చేతి మీద నిలిచాయి. పక్క సాంచ దగ్గర ఎవరి వేలు కదిలినా పట్టుకునే కళ్లు అవి. అతను మిషన్ మీద వేలు నొక్కిన ప్రతిసారీ లోపల ఆమె బొటనవేలు కదిలింది. అతను ఆపితే ఆగింది.

ఆమె మీ చెయ్యి చూసి నొక్కుతోంది అన్నాను అతనితో. నా గొంతు ఎప్పుడూ చిన్నదే. పరీక్ష నడుస్తుంటే మాట్లాడొద్దన్నాడు. నిశ్శబ్దం పాటించుట, బోర్డు మీద బాధ్యతల్లో ఉంది. అయిపోయాక అతను నవ్వుతూ, గోడ అవతలి గుసగుస కూడా వినే చెవులివి, రేపు ఇంటికొచ్చే కోడలు జాగ్రత్తగా ఉండాలన్నాడు.

అమ్మ వెలిగిపోతూ బయటికి వచ్చింది.

"ఒక్కటి గూడ తప్పలే బిడ్డా. పాసైన."

పాసైతే మిషన్ ఇవ్వరని ఆమెకు ఎదురుగా నిలబడి, పెదవులు విప్పి విప్పి చెప్పాను. నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

"గదేంది? పని మంచిగ చేస్తెనే గద ఎవరన్న ఇచ్చేది."

డాక్టరమ్మ కాగితం చూసి వినికిడి బాగుందంది. ముఖానికి మాస్కు ఉంది. జరిగింది చెప్పాను. ఆమె అమ్మ వైపు తిరిగి, వినబడుతోందా అని మాస్కు వెనక నుంచే అడిగింది. అమ్మ తల ఊపింది. డాక్టరమ్మ నా వైపు చూసింది. మిషన్ల కోసం ఇలాంటి మాటలు చాలామంది చెబుతారని, నిజం చెప్పడం రోగి బాధ్యత అని అంది. బోర్డు మీదున్న మాటలే, అదే వరుసలో.

బోర్డులో హక్కుల సగాన్ని నేను కూడా చదివాను. అర్థమయ్యేలా చెప్పించుకోవడం రోగి హక్కు, ఇంకో అభిప్రాయం అడగడం రోగి హక్కు అన్నాను. మాస్కు తీయకుండా, ముఖం అవతలికి తిప్పుకుని ఒక్కసారి పిలిచి చూడండి మేడమ్ అన్నాను. తెలియని మనిషితో నేను ఒక్కసారిగా అన్ని మాటలు ఎప్పుడూ మాట్లాడలేదు.

ఆమెకు కోపం రాలేదు. వస్తే బాగుండేది. మళ్లీ పరీక్ష కావాలంటే మీ అన్న తన యూనిట్ నుంచి రాయించాలి, అది పద్ధతి అని చెప్పి గంట నొక్కింది. ఇంకొకరు లోపలికి వచ్చారు. మేం లేచాం.

అంటే బోర్డు మీద హక్కులు రోగివి, వాటిని అడిగే నోరు సైనికుడిది. నోరు విప్పి అడగాల్సినవాడు కొండ మీద ఉన్నాడు. వాడి పైన ఇంకెందరో ఉన్నారు.

లోకల్‌లో అమ్మ కిటికీ పక్కన కూర్చుని పాసైన ముఖంతోనే ఉంది. కళ్యాణ్ వచ్చేసరికి, ఒళ్లో ఒట్టి చేతులు చూసుకుంటుంటే, ఆ వెలుగు మెల్లగా పోయింది.

ఆదివారం అన్న ఫోన్ చేశాడు. స్పీకర్ పెట్టి అంతా చెప్పాను. అమ్మ ఎదురుగా కూర్చుని ఉంది.

"ఇడిసిపెట్టు చెల్లె," అన్నాడు. "యూనిట్ల అడిగితె, మీ అమ్మ పరీక్షల గట్లెందుకు చేసిందంటరు. రేపు నేను లీవు అడిగినప్పుడు గదే యాది చేస్తరు. నేనచ్చినంక బయట కొందాం."

ఎప్పుడు వస్తాడో చెప్పలేదు. వాడి మాటలో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. దొరికి ఉంటే వాడినైనా తిట్టుకునేదాన్ని.

అమ్మ నా పెదవుల కోసం ఎదురుచూస్తోంది. యూనిట్‌లో రాయిస్తాడంట, మళ్లీ పోదాం అని పెదవులతో అన్నాను.

ఆమె పెదవులు చూసింది. తర్వాత పెదవులు వదిలేసి నా కళ్లు చూసింది. అక్కడ ఎంతసేపు చదవాలో అంతసేపు చదివింది. ఫోన్‌లో అన్న ఇంకా ఏదో చెబుతూనే ఉన్నాడు.

అమ్మ తల ఊపింది, కార్ఖానాలో ఊపినట్టు.

"మంచిది బిడ్డా," అంది ఫోన్‌తో.