ఎడమకు ఒరిగిన స్టీరింగ్

ఆకాశాన్నీ భూమినీ తన మాటతో నిలిపిన దేవునికి స్తోత్రం. మేలు కలిగిన రోజు ఆయన్ని పొగిడిన నోటితోనే కీడు కలిగిన రోజూ పొగడాలని సంఘంలో నేర్చుకున్నాను. అందుకే జరిగింది చెప్పకముందే ఆయన నామానికి మహిమ చెల్లిస్తున్నాను.

మా నాన్న నేరేడుచర్ల దగ్గర ఒక చిన్న క్రైస్తవ సంఘానికి కాపరి. ఆయనకో పాత తెల్ల అంబాసిడర్ ఉంది. ఆదివారం నడవలేని ముసలివాళ్లను మందిరానికి తెచ్చేది అదే. అమ్మను డయాలసిస్‌కు మిర్యాలగూడ తీసుకుపోయేదీ అదే. అమ్మ కిడ్నీలు రెండూ పనిచేయవు. ఒక్క విడత తప్పినా ఒంట్లో నీరు చేరుతుంది. ఆటో కుదుపులకు ఆమె తట్టుకోలేదు. కారు వెనక సీట్లో నా ఒళ్లో తల పెట్టుకుని పడుకుంటేనే ప్రయాణం సాగుతుంది.

ఒకసారి సూర్యాపేటలో ప్రార్థన కూడిక ముగించుకుని నాన్న, నేను కోదాడ వెళ్తుంటే, మునగాల దగ్గర ముందు చక్రం గుంతలో గట్టిగా పడింది. ఆ తర్వాత బండి తిన్నగానే పోయింది కానీ, తిన్నగా పోవాలంటే స్టీరింగ్‌ను ఎడమకు తిప్పి పట్టుకోవాల్సి వచ్చింది. దాని నడుమ మరలతో బిగించిన ఇత్తడి సిలువ కూడా పక్కకు వాలిపోయింది. నాన్న దారి పొడవునా దాన్నే చూశాడు.

కోదాడలో మెకానిక్ బండి కిందికి దూరి చూసి వచ్చాడు.

“చక్రాల్ని తిప్పే రాడ్డు వంగింది అయ్యగారూ, మార్చాలి. పాత బండి కదా, సామాను రావడానికి వారం పట్టుద్ది. అందాకా ఇట్టాగే మెల్లగా నడుపుకోండి.”

“వారం దాకా సిలువ గిట్ల పడిపోయినట్టు ఉండాల్నా?” అన్నాడు నాన్న. “ఆదివారం ముసలోళ్లు నా పక్కనే కూసుంటరు. అయ్యగారి సిలువే ఒరిగిందంటరు. స్టీరింగ్ ఊడదీసి నిలువుగ పెట్టు.”

“పెడితే సిలువ నిలబడుద్ది. రాడ్డు మాత్రం వంగినట్టే ఉంటది మరి.”

“దాని సంగతి తర్వాత సూద్దాం. ముందు ఇది కానియ్యి.”

మెకానిక్ నడుమ నట్టు విప్పి, స్టీరింగ్‌ను పైకి లాగి, కాస్త తిప్పి మళ్లీ బిగించాడు. చూడటానికి అంతా సరిగ్గా ఉంది. ఇంటికొచ్చాక అమ్మ వచ్చి చూసి నవ్వింది.

“మీ సిలువ మంచిగ నిలబడ్డది అయ్యగారూ. నా నడుముకు గూడ ఒక నట్టు బిగియ్యమనకపోయిండ్రా?”

సామాను వచ్చిందని మెకానిక్ ఫోన్ చేశాడు. అప్పటికి ఉపవాస ప్రార్థనలు నడుస్తున్నాయి. “బండి మంచిగనే ఉంది, అయిపోయినంక వస్త” అన్నాడు నాన్న. స్టీరింగ్ వంకరగానే ఉండి ఉంటే ఎక్కిన ప్రతిసారీ రాడ్డు గుర్తొచ్చేది. మాకు హెచ్చరికగా మిగిలిన ఆ ఒక్క గుర్తునూ మా చేతులతోనే తుడిచేసుకున్నాం.

అమ్మను మిర్యాలగూడ తీసుకెళ్తున్న పొద్దున, ఒక మలుపులో కింద ఏదో పటుక్కున విరిగింది. నాన్న స్టీరింగ్ తిప్పుతూనే ఉన్నాడు, చక్రాలు మాత్రం వినలేదు. బండి రోడ్డు దిగి వరి పొలంలో కూరుకుపోయింది. ఎవరికీ గాయం కాలేదు. “స్తోత్రం, స్తోత్రం” అన్నాడు నాన్న. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“జర ఆటో సూడుండ్రి ముందు. టైం దాటిపోతది.”

అటుగా వచ్చిన షేర్ ఆటోలన్నీ నిండిపోయి ఉన్నాయి. చివరికి ఒకటి దొరికి, కుదుపులన్నీ భరించి మేం చేరేసరికి అమ్మ మిషన్ మీద వేరేవాళ్లు ఉన్నారు. ఆ రోజుకు ఇక ఖాళీ లేదు. మర్నాడు ఎక్కించేటప్పటికే ఆమె ఊపిరితిత్తుల్లోకి నీరు చేరింది. ప్రాణం నిలిచింది. గుండె బాగా దెబ్బతిందని డాక్టర్ చెప్పాడు.

తర్వాత నాన్న బండిని కోదాడకు లాగించి రాడ్డు మార్పించాడు. రాడ్డు సరయ్యేసరికి స్టీరింగ్ ఈసారి కుడికి ఒరిగింది.

“మొన్న వంకర రాడ్డుకి తగ్గట్టు బిగించాం గదా అయ్యగారూ. మళ్లీ ఊడదీయాలి” అన్నాడు మెకానిక్.

“నీకెట్ల తెలిస్తే గట్ల చెయ్యి” అని నాన్న బయటికొచ్చి నిలబడ్డాడు.

ఇప్పుడు అమ్మ వెల్లకిలా పడుకోలేదు. గోడకు దిండ్లు పెట్టుకుని కూర్చునే కునుకు తీస్తుంది. నాలుగు మాటలు మాట్లాడితే ఆయాసం. వేకువనే సంఘమంతా మా ఇంటికొచ్చి ఆమె కోసం మోకరిస్తుంది. ఊళ్లో ఎవరి మంచం దగ్గరైనా గుక్క తిప్పుకోకుండా ప్రార్థించే నాన్న, సొంత భార్య దగ్గర “ప్రభువా, నీ దాసురాలిని...” అని మొదలుపెట్టి ఆగిపోతాడు. అమ్మే కళ్లు తెరిచి “ఆమెన్ అనుండ్రి, సాలు” అంటుంది.

దేవుడు మమ్మల్ని విడిచిపెట్టాడని నేను అనుకోవడం లేదు. కానీ నాన్న ఆ ఒక్క మాట ముగించలేకపోతున్నాడు. చదువుతున్న మీరు ఒక్క నిమిషం కళ్లు మూసుకుని, మాతో కలిసి, మా అమ్మ కోసం ఆ ప్రార్థనను చివరిదాకా చేయండి.