దక్షిణాసియా కప్పుకు గొంతిచ్చిన రోజు

అమీర్‌పేటలో ఒకప్పుడు కంప్యూటర్ కోర్సులు చెప్పిన గదిలోనే మా యజమాని ఇప్పుడు యూట్యూబ్ ఛానెల్ నడుపుతున్నాడు. నేను ఆయనకు స్క్రిప్టులు రాస్తాను. కోటల చరిత్ర రాశాను, నదుల చరిత్ర రాశాను, చివరికి సమోసా చరిత్ర కూడా రాశాను. ఒకరోజు పిలిచి, దక్షిణాసియా దేశాల ఫుట్‌బాల్ కప్పు చరిత్ర కావాలన్నాడు. ఫుట్‌బాల్ గురించి అప్పటికి నాకు తెలిసిందల్లా ఒక్కటే. మధురానగర్‌లో మా సందులో పిల్లలు అది ఆడినప్పుడల్లా నా పూలకుండీల్లో ఒకటి పగులుతుంది.

ఆదరాబాదరాగా నాలుగు చోట్ల చదివి రాసి పట్టుకెళ్ళాను. ఆయన మొదటి పేజీ దగ్గరే ఆగిపోయాడు.

"మేడమ్, మొదటిసారి ఫైనలే లేదా?"

"లేదండీ. లాహోర్‌లో నాలుగు దేశాలు ఒకదానితో ఒకటి ఆడాయి. మనకు ఎక్కువ పాయింట్లు వచ్చాయి, కప్పు మనకిచ్చారు."

"ఫైనల్ లేకుంటే మజా ఏముంటది? జర ఒక ఫైనల్ పెట్టుండ్రి."

"జరగనిది ఎలా పెడతానండీ?"

"చిన్నదే పెట్టుండ్రి మేడమ్."

పెట్టనన్నాను. ఆయన నొచ్చుకుని పేజీ తిప్పాడు. టోర్నమెంటు పేరు పలుమార్లు మారిందని రాసిన చోట ఆయన ముఖం వెలిగింది. "పేరు మార్చిండ్రంటే ఏదో లొల్లి అయ్యుంటది. గా లొల్లి రాయుండ్రి." లొల్లేమీ నాకు కనబడలేదని చెబితే మళ్ళీ ముఖం చిన్నబోయింది. ఆ తర్వాత మాల్దీవులు వచ్చాయి.

"మాల్దీవులంటే హనీమూన్‌కు పోతరు, గదే గదా?"

"అదే."

"గాళ్ళు మనల్ని ఫైనల్ల ఓడగొట్టిండ్రా?"

"రెండుసార్లు."

చాలాసేపు ఆలోచించి, "ఒకటి తీసేయుండ్రి," అన్నాడు.

అదీ తీయలేదు. నన్ను మాన్పించి ఇంకొకరిని పెట్టుకుంటాడేమో అనుకుంటుండగా, బెంగళూరులో జరిగిన ఫైనల్ దగ్గరికి వచ్చాడు. మనం ఆడింది కువైట్‌తో.

"కువైట్ మన దిక్కుకు ఎప్పుడొచ్చింది?"

"రాలేదండీ. ఆసారి లెబనాన్‌నీ, కువైట్‌నీ అతిథులుగా పిలిచారు."

"అరె! దావత్‌కు పిలిస్తే గిన్నెలు సుత ఎత్కపోయేటట్టు ఉన్నరు గదా!" ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "గిదీ ముచ్చట! వీడియోల అసలు కథ గిదే మేడమ్."

ఆ కథకు మామూలు గొంతు సరిపోదని, శ్రీనగర్ కాలనీలో ఉండే ఒక డబ్బింగ్ కళాకారుణ్ణి మాట్లాడాడు. ఆయనది గోదావరి జిల్లా, అరవై దాటిన మనిషి. చాలా ఏళ్ళుగా సీరియళ్ళలో మామగార్లకూ, లాయర్లకూ, ఆసుపత్రి బయట నిలబడి ఏడ్చే తండ్రులకూ గొంతు ఇస్తున్నాడు.

రికార్డింగ్ రోజున స్టూడియోలో మేము నలుగురం: ఛానెల్ యజమాని, ఆ కళాకారుడు, సౌండ్ ఇంజనీరు, నేను. కాగితాలు చేతికివ్వగానే కళాకారుడు వాటిని బోర్లించి పెట్టుకున్నాడు.

"నేను ముందు చదవనమ్మా. ఒక్కో పేజీ తిప్పుకుంటూ చెబుతాను. ఎవరు గెలిచారో ఎవరూ నాకు చెప్పొద్దు."

"ఎందుకండీ?"

"ఇన్నేళ్ళుగా ముక్కలు ముక్కలుగా చెబుతున్నాను. ఇవాళ పెళ్ళి, రేపు చావు, ఎల్లుండి ఆ పెళ్ళికి ముందు నిశ్చితార్థం. ఏ కథ ఎలా ముగిసిందో నాకు తెలీదు. ఒక్క కథ మొదట్నుంచి చివరిదాకా చెప్పే అవకాశం ఇవాళ వచ్చింది."

దాంతో మాకు కష్టాలు మొదలయ్యాయి. కంప్యూటర్ తెర మీద మనవాళ్ళు కప్పు ఎత్తిన బొమ్మ ఉంటే, ఇంజనీరు తన తువ్వాలు తీసి దాని మీద కప్పాడు. యజమాని నోరు జారి, "గా లాస్టుల మనోళ్ళే..." అనబోయాడు. నేను పెద్దగా దగ్గి ఆపాను.

కళాకారుడు చెప్పడం మాత్రం అద్భుతం. శ్రీలంక మన మీద గెలిచినప్పుడు కోర్టులో తీర్పు చదివినట్టు చెప్పాడు. అఫ్ఘానిస్తాన్ కప్పు గెలిస్తే, పేదింటి పిల్ల కలెక్టరైనంత సంబరంగా చెప్పాడు. మాల్దీవులు రెండోసారి గెలిచినప్పుడు కాగితం దించి, "మళ్ళీనా?" అని మమ్మల్నే అడిగాడు.

బెంగళూరు ఫైనల్ వచ్చింది. చెరో గోలు. పెనాల్టీలు. చెరి ఐదు తన్నాక కూడా సమానం. ఆయన పేజీ తిప్పి, గొంతు హఠాత్తుగా దించి, కన్నీళ్ళు మింగుతూ, "ఇక... సడన్ డెత్," అని ఆగాడు. కళ్ళజోడు తీసి, మైకు పక్కకు జరిపాడు.

"ఎవరు పోయారమ్మా?"

"ఎవరూ పోలేదండీ. ఒకరు గోలు వేసి, ఇంకొకరిది తప్పితే అక్కడితో ఆట అయిపోయినట్టు. దానికి ఆ పేరు."

"మరి ముందే చెప్పొద్దూ! నేను శవాన్ని వాకిట్లో పడుకోబెట్టేశాను."

అందరం నవ్వి, మళ్ళీ మొదలుపెడదామనేసరికి బయట వాన మొదలైంది, లోపల కరెంటు పోయింది. చేసేది లేక వరండాలోకి వచ్చి కూర్చున్నాం. ఆయన కూర్చోలేక అటూ ఇటూ తిరుగుతున్నాడు. అంతలో వాళ్ళావిడ ఫోన్ చేసింది. ఆయనకు చెవి కాస్త మందం, ఎప్పుడూ స్పీకర్లో పెట్టే మాట్లాడతాడు.

"ఏమండీ, వానలో తడవకండి. ఇంకా ఎంతసేపు?"

"ఉండవే, ఇక్కడ మనకీ కువైట్‌కీ సమానంగా ఉంది!"

"కువైటా? అది మనవాళ్ళే గెలిచారుగా. చివర్లో గోల్‌కీపర్ ఆపేశాడు. మీరు సోఫాలో గురక పెడుతుంటే నేనే టీవీ కట్టేశాను."

ఆయన ఫోన్ జేబులో పెట్టుకుని వాన వైపు చూస్తూ నిలబడ్డాడు. యజమాని నెమ్మదిగా దగ్గరికి వెళ్ళాడు.

"అన్నా, ఫికర్ జెయ్యకు. కానీ... గిప్పుడు ఫీలింగ్ ఎట్లొస్తది?"

"ఏంటి బాబూ ఆ ప్రశ్న? సీరియల్లో కోడలికి విషం పెట్టింది ఎవరో తెలిసి కూడా ఏమీ తెలియనట్టు రెండేళ్ళు చెప్పాను నేను."

కరెంటు రాగానే కళాకారుడు మైకు ఉన్న అద్దాల గదిలోకి వెళ్ళాడు. మనవాడు గోలు వేశాడు. కువైట్ ఆటగాడు బంతి పెట్టుకున్నాడు. అక్కడ ఆయన ఎంతసేపు ఆగాడంటే, ఆ కాగితం రాసిన నాకే, ఏమో, గోలు అవుతుందేమో అనిపించింది. గోల్‌కీపర్ దూకి ఆపగానే యజమాని ఎగిరాడు, చేతిలోని చాయ్ ఇంజనీరు తువ్వాలు మీద పడింది. "మస్తు అన్నా! మస్తు!" అని అద్దం మీద కొడుతూనే ఉన్నాడు.

ఆ కళాకారుడు మాత్రం బయటికి రాలేదు. కాగితం వైపే చూస్తున్నాడు.

"ఆ చివరి బంతి తన్నిన కువైట్ అబ్బాయి... పాపం, మనం పిలిస్తేనే కదమ్మా వచ్చింది. అతని గురించిన ఆ వాక్యం నేను మరీ ఎగతాళిగా అన్నట్టున్నాను. ఇంకోసారి చెబుతాను."

"అన్నా, ఆయన మన తెలుగు ఎక్కడ వింటడు?" అన్నాడు యజమాని.

"వినకపోతే పోనీ."

మళ్ళీ చెప్పాడు. ఈసారి చాలా మెత్తగా, బస్సెక్కించడానికి వచ్చిన పెద్దవాడు భుజం మీద చెయ్యి వేసినట్టు. వీడియోలో ఉన్నది అదే.