హొన్నూరప్ప బండి తియ్యనన్న రోజు

తిరుమణిలో గొర్రెలు కాసుకునే ఇంట పుట్టిన హొన్నూరప్ప ఇరవయ్యో ఏట పావగడకు వచ్చి, సావుకారు జయరామప్ప మోటారు సర్వీసులో బస్సులు కడిగే పనికి కుదిరాడు. రెండేళ్లు కడిగాక అతని చేతికి స్టీరింగు ఇచ్చినవాడు కదిరయ్య. కదిరయ్య ఆ సర్వీసులో మొదటి డ్రైవరు. తప్పు గేరు వేస్తే మోచేతి మీద ఠపీమని కొట్టేవాడు. సాయంత్రం అదే చేత్తో బోండాలు కొనిపెట్టేవాడు. అతను నేర్పిన పని హొన్నూరప్ప ఒంట్లో అలా నిలిచిపోయింది. దారిలో ఎక్కడ ఇసుక, ఎక్కడ వంక, ఎక్కడ మేకలు అడ్డం వస్తాయో కళ్లు మూసుకుని చెప్పగలిగేవాడు.

డ్రైవర్ల సంఘం పెట్టింది కూడా కదిరయ్యే. కొల్లప్ప అనే డ్రైవరు చలిజ్వరంతో రెండు రోజులు రాలేకపోతే సావుకారు అతణ్ణి పనిలోంచి తీసేశాడు. కదిరయ్య మిగతా డ్రైవర్లను షెడ్డు ముందు కూర్చోబెట్టి, కొల్లప్ప వచ్చేదాకా ఒక్క బస్సూ కదలదన్నాడు. మధ్యాహ్నానికల్లా కొల్లప్పను పిలిపించారు. ఆ రోజే సర్వీసులోని పదకొండు మంది డ్రైవర్లూ కలిసి సంఘమని పేరు పెట్టుకున్నారు, కదిరయ్యను అధ్యక్షుణ్ణి చేసుకున్నారు. అప్పుడు అతని మాటకు ఎదురు చెప్పాలని ఎవరికీ తోచలేదు. చెప్పాల్సిన అవసరమూ రాలేదు.

తర్వాత రెండో ప్రపంచయుద్ధం వచ్చింది. పెట్రోలు దొరక్క, బొగ్గు పొగతో బండి నడిచేలా బస్సుల వెనక పొయ్యిలు బిగించారు. తెల్లవారకముందే వచ్చి ఆ పొయ్యి రాజేసి, గంటసేపు చేత్తో గాలి కొట్టే చక్రం తిప్పితే గాని బండి కదిలేది కాదు. పొగకు కళ్లు మండేవి, తల దిమ్మెక్కేది. వారమంతా సెలవు లేదు. పాత సామాన్లు అరిగిపోతే కొత్తవి బెంగళూరు నుంచి వచ్చేవి కావు. అన్నిటికంటే మధుగిరి దారి బస్సు మీద డ్రైవర్లకు భయం పట్టుకుంది. దాని బ్రేకు ఒకసారి పడితే రెండుసార్లు పట్టేది కాదు. ఆ దారిలో గుట్ట దిగేటప్పుడు హొన్నూరప్ప ఊపిరి బిగబట్టి కూర్చునేవాడు.

ఈ కాలంలోనే కదిరయ్య స్టీరింగు వదిలాడు. సంఘం పనులు ఎక్కువయ్యాయి కదా అని సావుకారు అతణ్ణి షెడ్డు పైవిచారణకు పెట్టుకున్నాడు. ఆఫీసు వరండాలో అతనికి ఒక కుర్చీ వేశారు. ఉగాదికి సావుకారు ఇంటి నుంచి పిలుపు వచ్చింది. అందులో తప్పేమీ హొన్నూరప్పకు కనిపించలేదు. అతనికి మొదట తేడా తెలిసింది ఒక చిన్న మాటలో. ఇదివరకు కదిరయ్య డ్రైవర్ల దగ్గర సావుకారు సంగతి ఎత్తితే ‘మనం అడుగుదాం’ అనేవాడు. ఇప్పుడు ‘మేము మాట్లాడుకున్నాం’ అంటున్నాడు. ఆ ‘మేము’లో తాము లేమని హొన్నూరప్పకు ఒకరోజు బీడీ వెలిగించుకుంటూ ఉండగా తట్టింది. ఆ పూటంతా మనసు అదోలా అయిపోయింది.

డ్రైవర్లందరూ కూర్చుని రెండు సంగతులు కాగితం మీద రాయించారు. వారానికొక రోజు సెలవు కావాలి. బ్రేకు పట్టని బండిని తియ్యనని చెప్పే హక్కు డ్రైవరుకు ఉండాలి. కదిరయ్య ఆ కాగితం తీసుకుని ఒక్కడే సావుకారు దగ్గరకు వెళ్లాడు. మూడు రోజులకు తిరిగొచ్చి సెలవు నెలకొకటి ఒప్పుకున్నారన్నాడు. బ్రేకు సంగతికి ఒక పుస్తకం చూపించాడు. పొద్దున్నే బండి సరిగ్గా ఉందని డ్రైవరు అందులో చేవ్రాలు చేసి బయలుదేరాలి. అంటే ఏదైనా జరిగితే తప్పు డ్రైవరుది. కన్నడం చదవగలిగిన కొల్లప్ప ఆ పుస్తకం అట్ట తిప్పి చూశాడు. అడుగున అచ్చయిన తేదీ ఉంది. వాళ్లు కాగితం రాయించడానికి పదిహేను రోజుల ముందుదది. కొల్లప్ప ఆ తేదీ పక్కవాళ్లకు చూపించి, పుస్తకం మూసి కదిరయ్య చేతికిచ్చాడు. డ్రైవర్లు ఇద్దరిద్దరుగా గొణుక్కుంటూ ఇళ్లకు వెళ్లారు. కదిరయ్య ముఖం మీద అడగడానికి మాత్రం ఎవరికీ నోరు రాలేదు. అందరికీ అతనే కదా పని నేర్పింది.

ఆ వారం సంత రోజున మధుగిరి బస్సు హొన్నూరప్ప వంతుకు వచ్చింది. లోపల నలభై మంది, పైన వేరుశెనగ మూటలు, కోళ్ల గంపలు. అతను షెడ్డులోనే బండిని నాలుగడుగులు నడిపి బ్రేకు తొక్కి చూశాడు. దిగి వచ్చి చేవ్రాలు చెయ్యనన్నాడు, బండి తియ్యనన్నాడు. జనం గోల పెట్టారు. కదిరయ్య వరండా దిగి వచ్చాడు. ఇంతమంది ముందు పరువు తియ్యొద్దని మెల్లగా చెప్పి చూశాడు. హొన్నూరప్ప కదల్లేదు. కదిరయ్య పైపంచె నడుముకు చుట్టి, తానే ఎక్కి కూర్చుని బస్సు తీసుకుపోయాడు.

మధ్యాహ్నం దాటాక బస్సు క్షేమంగా తిరిగొచ్చింది. దిగిన జనం హొన్నూరప్పను చూసి నవ్వారు. గొర్రెలు కాసుకునేవాడికి మోటారు ఎందుకని ఒకడు అన్నాడు కూడా. హొన్నూరప్ప తల వంచుకుని షెడ్డు వెనక తొట్టి దగ్గరకు వెళ్లాడు. అక్కడ కదిరయ్య నీళ్ల చెంబు రెండు చేతులతో పట్టుకుని తాగుతున్నాడు. సగం నీళ్లు రొమ్ము మీద పడుతున్నాయి.

“గుట్ట దిగుడులో మూడుసార్లు తొక్కినా పట్టలేదురా,” అన్నాడు కదిరయ్య, అతని వైపు చూడకుండా. “గేరు తగ్గించి, గట్టుకు రాసి నిలిపినాను.”

“ఈ మాట సంఘంలో చెప్పు, అన్నా.”

“చెప్పినాక నేను యాడ ఉండాల? ఆ సావుకారుకూ కాను, మీకూ కాను.”

ఆ సాయంత్రం హొన్నూరప్ప ఇంట్లో భార్య కాటమ్మకు జరిగిందంతా చెప్పాడు. అందరికీ చెప్పెయ్యమంది కాటమ్మ. రేపు ఎవరి బిడ్డలు ఆ బండి ఎక్కుతారోనని అడిగింది. ఆమె మాట న్యాయమే. కాని ఆ మనిషి తనొక్కడికే చెప్పుకున్న మాటను పదిమందిలో పడెయ్యడం అతనికి చేతకాలేదు. చెప్పకుండా ఊరుకోవడమూ చేతకాలేదు.

మర్నాడు మధ్యాహ్నం సంఘం కూడింది. బస్సు క్షేమంగానే వచ్చింది కదా, ఇక పుస్తకంలో అందరూ చేవ్రాలు చెయ్యాలని కదిరయ్య మొదలుపెట్టాడు. హొన్నూరప్ప లేచి నిలబడ్డాడు. సంఘంలో అతను నోరు తెరవడం అదే మొదలు.

“ఒక్క మాట అడుగుతా, అన్నా. రేపు ఆ బండిలో మీ ఇంటోళ్లను ఎక్కిస్తావా?”

కదిరయ్య అతని వైపు చూశాడు. తర్వాత ఒక్కొక్క డ్రైవరునూ చూశాడు. తానే పని నేర్పినవాళ్లు, ఎవరూ కళ్లు దించుకోలేదు.

“ఎక్కించను,” అన్నాడు చివరికి.

పుస్తకం నేల మీద పెట్టి, తనను అధ్యక్ష పదవి నుంచి తప్పించమని అడిగాడు. గుట్టలో జరిగింది తానే చెప్పాడు. ఎవరూ తిట్టలేదు. కొల్లప్ప మాత్రం లేచి బయటికి వెళ్లిపోయాడు. అతని కోసమే ఒకప్పుడు సంఘం పుట్టింది మరి.

అధ్యక్షుడివి నువ్వే కావాలని అందరూ హొన్నూరప్పను పట్టుకున్నారు. తోటి డ్రైవరు బొమ్మన్నా, కొల్లప్పా తోడు వస్తేనే సావుకారు దగ్గరకు వెళ్తానన్నాడు. మర్నాడు ముగ్గురూ వెళ్లారు. జయరామప్ప కోప్పడలేదు. కుర్చీలు వేయించాడు, కాఫీ తెప్పించాడు. బొగ్గుకు పడే పాట్లు, సామాన్లు దొరకని బాధ, అన్నీ చెప్పుకొచ్చాడు. అందులో అబద్ధమేమీ లేదు. “నువ్వు తెలిసినోనివి, హొన్నూరప్పా. వాళ్లకు నువ్వే నచ్చజెప్పాల,” అన్నాడు. హొన్నూరప్ప తల ఊపుతున్నాడు. పక్కన కొల్లప్ప దగ్గితే గాని తన తల ఊగుతున్నట్టు అతనికే తెలియలేదు. తర్వాత, బ్రేకు బాగయ్యేదాకా ఆ బండి కదలదని చెప్పాడు.

ఆ సంగతి అతను దాచుకోలేదు. తల ఊపిన విషయం కూడా సంఘంలో చెప్పాడు. కదిరయ్య చెడ్డవాడు కాబట్టి అలా అయ్యాడని అనుకోవద్దనీ, ఆ కుర్చీలో కూర్చుంటే ఎవరి తలైనా ఊగుతుందనీ అన్నాడు. అధ్యక్షుడు స్టీరింగు వదలకూడదనీ, ఒంటరిగా వెళ్లకూడదనీ, ఏడాదికొకసారి మారాలనీ ఆ రోజే ఒప్పుకున్నారు.

మధుగిరి బస్సు రెండు నెలలు షెడ్డులోనే ఉంది. సామాన్లు వచ్చి, హొన్నూరప్ప చూసి సరేనన్నాకే బయటికి తీశారు. సెలవు మాత్రం వారానికొకటి రాలేదు. యుద్ధం అయిపోయేనాటికి నెలకు రెండు దాకా వచ్చి ఆగింది. కదిరయ్య వరండా కుర్చీ వదిలేసి, హిందూపురం దారి బస్సు నడపడానికి ఒప్పుకున్నాడు. యాభై దాటిన ఒంటితో మళ్లీ పొయ్యి రాజేసి చక్రం తిప్పేవాడు. కొల్లప్ప అతనితో మళ్లీ మాట్లాడలేదు. హొన్నూరప్ప మాత్రం ఏడాది తిరిగేసరికి అధ్యక్ష పదవిని బొమ్మన్నకు అప్పగించి, ఎప్పటిలాగే మాటలు తగ్గించుకుని మధుగిరి దారిలో బండి నడుపుకున్నాడు.