కొట్టు, కొట్టేయ్

ఆ రోజుల్లో మనిషి విలువంతా వేలి వేగంలోనే ఉంటుందని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. (ఇరవై నాలుగేళ్ల వయసులో అంతకంటే గొప్ప తత్వం ఎక్కడినుంచి వస్తుంది!) బెళుగుప్పలో ఒక ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్‌ని. సబ్సిడీ వేరుశనగ విత్తనాలకు అర్జీ పెట్టుకున్న రైతుల పేర్లు తెరమీద వచ్చేవి. ఒక్కో పేరు పక్కన ఒక్కో గడి. కాగితం చూసి అర్హులకు మౌసుతో టిక్కు కొట్టాలి. కిటికీలోంచి చూసే రైతులు "టిక్కులన్న చెయ్యి మిషనప్పా!" అంటే నాకు కడుపు నిండిపోయేది.

అంతలో గుమ్మఘట్ట నుంచి ఒక అమ్మాయి కొత్తగా చేరింది. వారం తిరక్కముందే నాలుగు లైన్ల స్క్రిప్టేదో రాసి, పేజీ పైన రెండు బటన్లు పెట్టింది. 'కొట్టు' నొక్కితే అన్ని గడుల్లో టిక్కులు పడతాయి, 'కొట్టేయ్' నొక్కితే అన్నీ పోతాయి. ఆమె వివరిస్తుంటే నేను పంతానికి కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నాను. పెద్దసారు మాత్రం "ఏమప్పా టిక్కులన్నా, నువ్వు గంటసేపు చేసేది ఈయమ్మ రెప్పపాటులో చేసినాది సూడు!" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. అసూయే, దాచడమెందుకు! ఆమె డబ్బాలోని ఉగ్గాని వాసన కూడా నాకు గిట్టేది కాదు. ఆ బటన్ల జోలికి పోకుండా ఒక్కొక్కటే కొడుతూ వచ్చాను.

ఒకరోజు మంచి వాన పడింది. మధ్యాహ్నంలోగా జాబితా పంపకపోతే మరునాటికి విత్తనాలు రావు. "నేల పదునారిపోతాండాదన్నా, తొందరగా కానీ" అని కిటికీ దగ్గర ఒక పెద్దాయన బతిమాలుతున్నాడు. నాలుగు వందల టిక్కులు కొట్టాను, ఇంకా వంద ఉన్నాయి. పెద్దసారు గుమ్మంలోంచి అరిచాడు: "ఇంకా ఎంతసేపప్పా? మిగిలినోళ్లకు కూడా కొట్టేయ్!"

సరే, ఆ విద్య నాకూ వచ్చని చూపిద్దామనుకుని 'కొట్టేయ్' నొక్కాను. తెర తెల్లబోయింది, నేనూ తెల్లబోయాను.

ఆ అమ్మాయి వచ్చి మెల్లగా, "కొట్టేసినావా అన్నా?" అంది.

"సారే కొట్టేయమన్నాడమ్మా..."

ఆమె నవ్వలేదు. 'కొట్టు' నొక్కి, అర్హత లేని పదిమంది పేర్లు కాగితం చూసి తీసేసి, జాబితా పంపేసింది. "ఏమైనాది, ఇంత లేటు?" అని పెద్దసారు వస్తే, "మౌసు మొరాయించినాది సార్, అన్నే సరి చేసినాడు" అంది. కిటికీ దగ్గర పెద్దాయన నాకు దండం పెట్టాడు. అప్పుడు ఆమె మంచితనం మీద కూడా అసూయపడ్డాను.

మరునాడు చూస్తే రెండో బటన్ పేరు మారింది: 'అన్నా, ఇది వద్దు'.

రెండేళ్లకు ఆమె వేరే ఉద్యోగానికి వెళ్లిపోయింది. కొత్తగా వచ్చినవాళ్లు ఆ బటన్ చూసి నవ్వి, పేరు మారుస్తామనేవాళ్లు. నేనున్నన్నాళ్లూ మార్చనివ్వలేదు.