ఉల్టా అతికించిన రెండు వైర్లు

నేను చదివింది ఐదో తరగతి. అందులోనూ వేరుశనక్కాయలు పీకే రోజుల్లో బడి మొహం చూసింది లేదు. అయితే చెవిన పడింది ఏదైనా నాకు ఒక్కసారికే పట్టుబడిపోతుంది, మళ్ళీ పోదు. మా చిన్నమ్మ పెళ్ళిలో ఎవరు ఎవరితో ఏ మాటకు అలిగారో ఇప్పటికీ వరసగా చెప్పగలను. పాటలు కూడా అట్లే వచ్చాయి. కాయితం చూసి పాడింది ఒక్కటీ లేదు.

అలాంటి నన్ను పట్టుకుని, పాట మరిచిపోయిందని మైకులో చెప్పిన మనిషి ఒకడున్నాడు. అతని మీద నేను పగ ఎట్లా తీర్చుకున్నానో చెబుతాను. మంచిపని చేశానని చెప్పడం లేదు. చేశాను, అంతే.

పెళ్ళికి ముందు నాలుగేళ్ళు ఆర్కెస్ట్రాలో పాడాను. కీబోర్డు, ప్యాడ్లు, డోలకు, గిటారు, పాడేవాళ్ళు ఇద్దరు. గిటారు వాయించే ఆయనే దానికి ఓనరు, మేమంతా మాస్టరూ అని పిలిచేవాళ్ళం. నల్లటి కరెంటు గిటారు, మెడలో అరచేయంత వెడల్పు పట్టీ. నాయన నన్ను ప్రతి ప్రోగ్రాముకూ బస్సులో తీసుకుపోయి తీసుకొచ్చేవాడు. గొర్రెలు మేపే మనిషి. సభలో మాత్రం ముందు వరుసలో కూర్చుని, తలగుడ్డ విప్పి మడిచి ఒళ్ళో పెట్టుకునేవాడు, గుడిలో కూర్చున్నట్టు.

తాడిపత్రిలో బండల పాలిష్ ఫ్యాక్టరీ ఆయన కొత్తింట్లో చేరే రోజు అది. నా పాటలో రెండు చరణాలు. మొదటి చరణం అయ్యాక గిటారు ఒక వరస నాలుగు చుట్లు వాయించాలి, తరువాత నేను రెండోది ఎత్తుకోవాలి. రెండు చుట్లు అయ్యేసరికి ఎవరో పెద్దమనిషి కారు దిగాడు. మాస్టరు గిటారు మీది చెయ్యి తీసి ఆయనకు నమస్కారం పెట్టాడు. గిటారు ఆగిపోయింది. మిగతా రెండు చుట్లు వస్తాయని నేను నిలబడ్డాను. అవి రాలేదు. వెనక వరుసలో ఎవరో నవ్వారు. అప్పుడు అతను తన మైకు దగ్గరికి నోరు తెచ్చాడు.

"పాప పాట మర్సిపోయినాది. పెద్దలు ఏమీ అనుకోవద్దండి."

రెండు వేళ్ళు కత్తెరలాగా ఆడించి, మైకులు చూసే సౌండు ఆయనకు సైగ చేశాడు. నేను కాదని చెప్పడానికి నోరు తెరిచేసరికి నా మైకులో ఊపిరి లేదు. వాళ్ళు ఇంకో పాటలోకి పోయారు.

బస్సెక్కాక నాయన తలగుడ్డ మళ్ళీ చుట్టుకున్నాడు. తరువాత, ఎట్ల మర్సిపోతివమ్మా, అని మెల్లగా అడిగాడు. నేను మరిచిపోలేదు, అతనే ఆపేశాడు అన్నాను. నాయన నా తల నిమిరి, పోనీలేమ్మా, అందరూ మర్సిపోతారు అన్నాడు. తిట్టి ఉంటే ఇంత కాలం గుర్తుండేది కాదేమో. నాయన పోయి ఆరేళ్ళయింది. మైకులో విన్న మాటనే నమ్మి పోయాడు.

ఆ తరువాత నన్ను ఎవరూ పిలవలేదు. పాట మరిచిపోయిన పాప అని పేరు పడింది. అది చాలదన్నట్టు నా పెళ్ళిచూపుల్లో కూడా ఎవరో ఆ మాట తీశారు.

మా ఆయనది రాప్తాడు దగ్గర హైవే పక్కన మోటార్లు రీవైండింగు చేసే అంగడి. మా పక్క బోర్లలో నీళ్ళు అడుగంటితే మోటారు ఉత్తగా తిరిగి కాలిపోతుంది. దాన్ని విప్పి, మాడిన రాగి వైరు కోసి తీసి కొత్తది చుట్టాలి. కోసే ముందు ఏ గాడిలో ఎన్ని చుట్లో, ఏ కొస ఏ కొసతో కలుస్తుందో అందరూ నోటుబుక్కులో గీసుకుంటారు. నేను ఒకసారి చూస్తాను, అంతే. మొదట మా ఆయన నమ్మక తనూ గీసుకునేవాడు. రెండేళ్ళకు మానేశాడు. ఆ నోటుబుక్కును తరువాత పిల్లలు పడవలు చేసేశారు.

ఇంకొక సంగతి ఇక్కడే చెప్పాలి. మోటారుకు పోయే వైర్లలో రెండింటిని అటుదిటు మార్చి అతికిస్తే అది ఉల్టా తిరుగుతుంది. ఉల్టా తిరిగినా చప్పుడు చేస్తుంది, నీళ్ళూ పోస్తుంది. కానీ పైపు నిండా పోయదు, చంటిబిడ్డ ఒంటికి పోసినట్టు సన్నగా పోస్తుంది. రైతు బోరు పోయిందని తల పట్టుకుంటాడు. మేము పోయి ఆ రెండు వైర్లూ మార్చగానే పైపు గొంతు తెరుస్తుంది.

పోయిన ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం, ఒక కారు వచ్చి మా అంగడి ముందు ఆగింది. దిగింది మాస్టరు. జుట్టుకు నల్లరంగు, మిగతా అంతా అదే మనిషి. చేతిలో అదే గిటారు. గిటారులో స్విచ్చు చెడిందని, సన్నవైరు పని ఇక్కడ బాగా చేస్తారని తన సౌండు ఆయన పంపాడని మా ఆయనతో చెప్పాడు. వార్నిషు వాసనకు నేను మొహానికి తువ్వాలు కట్టుకుని ఉన్నాను. తీశాను. నన్ను రెండుసార్లు చూసి, అమ్మా, మంచినీళ్ళుంటే ఇస్తావా అన్నాడు. నీళ్ళిచ్చాను. తాడిపత్రిలో ఆ రోజు అతను ఏ రంగు చొక్కా వేసుకున్నాడో నాకు గుర్తుంది. నా మొహమే అతనికి గుర్తు లేదు.

గిటారు తీగల కింద రెండు పికప్పులు ఉన్నాయి, మెడ వైపు ఒకటి, కింద వైపు ఒకటి. తీగ కదిలితే ఆ సద్దును పట్టి సౌండు పెట్టెకు పంపేవి అవే. వీటిని హంబకర్లు అంటారు, ఒక్కోదానిలో రెండు కాయిళ్ళు జంటగా ఉంటాయి, వెంట్రుక కన్నా సన్నం, జాగ్రత్త అని అతను నాకు పాఠం చెప్పాడు. స్విచ్చు పైకి నెడితే మెడ వైపుది, కిందికి నెడితే కింద వైపుది, నడుమ పెడితే రెండూ కలిసి పలకాలట. ఎవరో ఇంతకుముందు కెలికి పైదాన్ని కిందికి, కిందిదాన్ని పైకి పెట్టారట. నడుమ పెడితే పరపరమని, ఒక్కోసారి మూగబోతోందట.

గిటారు వెనక మూత బిళ్ళ విప్పాను. స్విచ్చు రేకులు నల్లగా మసిబారి, ఒకటి వంగిపోయి ఉంది. పెట్రోలు గుడ్డతో తుడిచి, వంగినదాన్ని సరిచేశాను. ఒక్కో పికప్పు నుంచి నాలుగు రంగుల వైర్లు, తొడుగు లేని ఉత్త వైరు ఒకటి. రంగు వైర్లలో రెండు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. మిగిలిన రెండింటిలో ఒకటి సద్దును మోసుకుని స్విచ్చు దాకా పోతుంది, రెండోది ఎర్తుకు పోతుంది. అన్నీ ఊడదీసి, పైది పైకి, కిందిది కిందికి వచ్చేట్టు మళ్ళీ అతికించాను. అంతవరకు నా పని నీతిగానే చేశాను. ఆ మాట ఎవరి ముందైనా చెబుతాను.

అతను కారులోంచి చిన్న సౌండు పెట్టె తెచ్చి చూసుకున్నాడు. పైన బాగుంది, కింద బాగుంది. నడుమ పెట్టి ఆ వరస వాయించాడు. నా పాటలోదే. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నాలుగు చుట్లు, ఒక్క స్వరం తప్పకుండా.

ఈ పాటకు స్విచ్చు నడుమనే పెట్టాలి, అప్పుడే నిండుగా ఉంటుంది, ఎల్లుండి ధర్మవరంలో పట్టుచీరల అంగడి ఓపెనింగులో మొదటి పాట ఇదే అని మా ఆయనకు సంతోషంగా చెప్పాడు. బిళ్ళ బిగించి పెట్టండి అని, రోడ్డు దాటి టీకి పోయాడు.

నేను వైర్లు అతికించే కడ్డీ మళ్ళీ వేడి చేశాను. కింద వైపు పికప్పు వైర్లలో స్విచ్చుకు పోయేదాన్ని ఎర్తుకు, ఎర్తుకు పోయేదాన్ని స్విచ్చు దారిలో అతికించాను. ఇప్పుడు ఏదొక్కటి పలికినా మామూలుగానే ఉంటుంది. రెండూ కలిస్తే మాత్రం ఒకటి తోసేదాన్ని ఇంకొకటి లాగేసి సద్దు సన్నబడుతుంది.

"ఏమ్మే, ఆ వైరు ఆడ కాదు కదా ఉండేది?" అన్నాడు మా ఆయన.

"ఆడ కాదు."

"అంగడి పేరు పోతాది."

"నా పేరు పోయి పదకొండేండ్లాయ."

ఆయన మరలు ఒక్కొక్కటే నా చేతికి అందించాడు.

మూడోనాడు పొద్దున ఇద్దరం ధర్మవరం బస్సెక్కాము. నా చేతిసంచిలో కడ్డీ, స్క్రూడ్రైవరు ఉన్నాయి. ఎందుకని మా ఆయన అడగలేదు. నాకూ అప్పటికి తెలియదు. పని చేయడానికి పోతే కడ్డీ లేకుండా పోను కదా, చెయ్యి దానంతటదే పెట్టింది.

అంగడి ముందు షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు. మగ్గాల పని ఆపుకుని వచ్చిన ఆడవాళ్ళు ముందు వరుసల్లో కూర్చున్నారు. మేమూ వాళ్ళ పక్కన కూర్చున్నాము. పాడేది తనకల్లు వైపు అమ్మాయి, ఇరవై దాటి ఉంటుంది. నిజం చెప్పాలంటే నాకన్నా బాగా పాడింది. చరణం అయింది. మాస్టరు స్విచ్చు నడుమకు నెట్టాడు.

డబ్బాలో పడిన కందిరీగ మాదిరి వచ్చింది సద్దు. అతను వాల్యూం తిప్పాడు. కందిరీగ పెద్దదయింది. సౌండు ఆయన వైపు కళ్ళురిమి చూసి, ఒక చుట్టు వాయించి ఆపేశాడు. జనం నవ్వారు. నా కడుపు చల్లబడిందంటే నమ్మండి. ఎండలో పడి వచ్చి కుండనీళ్ళు తాగినట్టుంది. అప్పుడే లేచి వచ్చేసి ఉంటే నా పగ అంతటితో అయిపోయేది.

అతను మైకు దగ్గరికి నోరు తెచ్చాడు.

"పాప పాట మర్సిపోయినాది. పెద్దలు ఏమీ అనుకోవద్దండి."

ఒక్క అక్షరం తేడా లేదు. రెండు వేళ్ళు కత్తెరలాగా ఆడాయి. ఆ అమ్మాయి నోరు తెరిచింది, ఆమె మైకులోనూ ఊపిరి లేదు. నా పక్కామె, పాపం, మర్సిపోయిందే అంది. నాకు ఒళ్ళు మండింది. మైకు కోసింది అతని వేళ్ళే, కానీ కోయడానికి సాకు ఇచ్చింది నా వైర్లు. ఈ పదకొండేళ్ళ నడుమ ఇంకెంతమందికి ఇట్లే చేశాడో. లేచి స్టేజీ ఎక్కాను.

"ఆ పిల్ల ఏమీ మర్సిపోలేదు," అన్నాను. నా గొంతుకు మైకు అవసరం లేదు, గొర్రెల వెంట పెరిగిన గొంతు.

"ఎవరమ్మా నువ్వు?"

"నీ గిటారుకు వైర్లు మార్చినదాన్ని. దానికి ముందు, తాడిపత్రిలో పాట మర్సిపోయినదాన్ని."

అతను చాలాసేపు చూశాడు. గుర్తుపట్టాడో లేదో తెలియదు. ఈమె నా గిటారు పాడు చేసింది చూడండి అని అందరికీ చెప్పుకోబోయాడు. నేను కాదనలేదు. అవును, రెండు వైర్లు ఉల్టా పెట్టినా అని అందరూ వినేట్టే చెప్పాను. పది నిమిషాల పని, కడ్డీ తెచ్చుకున్నా, కానీ ముందు ఒక లెక్క చెప్పాలి అన్నాను.

"ఆ పొద్దు తాడిపత్రిలో, కారు దిగినాయనకు దండం పెట్టేదానికి ముందు ఎన్ని చుట్లు వాయించినావు?"

అతను గిటారు పట్టీ సర్దుకున్నాడు. చీరల అంగడి ఆయన చేతిలో రిబ్బను కత్తెర పట్టుకుని చెమటలు కక్కుతున్నాడు. పెద్దమనుషుల కార్లు వచ్చే వేళ అయింది. ఏమప్పా, చెప్పేదేదో చెప్పి కానీ, ముహూర్తం నీ కోసరం నిలబడదు అన్నాడు.

"రెండు," అన్నాడు మాస్టరు, మైకు దగ్గర నుంచి మొహం పక్కకు తిప్పి.

"ఎన్ని వాయించల్ల?"

"నాలుగు."

"అట్లయితే మర్సిపోయింది ఎవరు?"

ఏదో గొణిగాడు. అప్పుడు సౌండు ఆయన తన పెట్టెల వెనక నుంచి లేచాడు. పదకొండేళ్ళ కింద నా మైకు ఆపేసిన మనిషి. జుట్టు తెల్లబడింది. గిటారును నా అంగడికి పంపిందీ ఆయనే. తెలిసే పంపాడేమో, నేను ఎప్పుడూ అడగలేదు.

"మైకులో చెప్పన్నా," అన్నాడు. "వాల్యూం పెంచినా."

వీధి చివరి దాకా వినపడింది. ఆ పొద్దు మర్సిపోయింది ఈయమ్మ కాదు, నేనే అన్నాడు మాస్టరు. ఈ పిల్లది కూడా చెప్పు అన్నాను. ఈ పాప కూడా మర్సిపోలేదు అన్నాడు.

గిటారును అతని మోకాళ్ళ మీదే బోర్లా పెట్టించాను. మరలు విప్పి అతని అరచేతిలో పోశాను, పట్టుకొమ్మని. పది నిమిషాల పనికి ఇరవై పట్టింది. కావాలనే పట్టించాను. అతని ముక్కు కిందనే అతికించే లెడ్డు కాలి పొగ లేచింది, దగ్గాడు.

బిళ్ళ బిగించాక నడుమ పెట్టి మీటాడు. నిండుగా పలికింది. అప్పుడు సభకు చూపే నవ్వొకటి మొహానికి తెచ్చుకుని, నువ్వే పాడమ్మా ఈ పాట, అందరూ వింటారు అన్నాడు.

"నాకు పాట గుర్తుండాది," అన్నాను. "నీ గిటారుకు మాత్రం పాడను."

ఆ అమ్మాయే పాడింది. చరణం అయి గిటారు ఎత్తుకోగానే ముందు వరుసలో మగ్గం ఆడవాళ్ళు వేళ్ళు మడుస్తూ గట్టిగా లెక్కపెట్టారు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అతను తల ఎత్తలేదు. ఇప్పుడు ఆర్కెస్ట్రా వాళ్ళంతా అతన్ని చాటున రెండుచుట్లాయన అంటారట. అది విన్న రోజు నేను చక్కెర వేసి పాయసం చేసుకుని తాగాను.

ఆ రోజు తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మా ఆయన ఉడికించిన వేరుశనక్కాయల పొట్లం విప్పి నా ఒళ్ళో పెట్టాడు.

"ఇంగ చాలునా?" అన్నాడు.

"చాలదు," అన్నాను.

ఇంకేం కావల్ల అన్నాడు. నేను కిటికీలోంచి చూశాను. వాన లేక పైరు పెట్టని చేలు, వాటి మీద దూరంగా ఎవరివో గొర్రెలు.

తలగుడ్డ మడిచి ఒళ్ళో పెట్టుకుని కూర్చునే మనిషి ఈ రోజు ముందు వరుసలో లేడు కదా అన్నాను.